ఎక్కుడుకు ఎన్ని పళ్లు?

మా ఊరు కింద, మా బడి మీద. మధ్యలో నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. పాడేరు ఏజెన్సీలో పుట్టినవాళ్లకి ఇందులో కొత్త ఏమీ లేదు. ఇక్కడ ఎవరి పని అయినా ఎక్కుడుతోనో దిగుడుతోనో మొదలవుతుంది. నేను ఆ బడిలోనే చదువుకున్నాను. తర్వాత ఆ బడికే లెక్కల మాస్టారుగా వచ్చాను. నా చిన్నప్పుడు అది రాళ్ల బాట, ఇప్పుడు తారు రోడ్డు. ఒకప్పుడు నడిచి ఎక్కిన దారినే పదిహేనేళ్లపాటు మోటారు సైకిల్ మీద ఎక్కాను.

నలభై దాటాక ఒంట్లో షుగర్ ఉందని తేలింది. రోజూ గంటసేపు నడవమన్నారు, లేదంటే సైకిల్ తొక్కమన్నారు. విశాఖపట్నంలో ఉన్న నా డిగ్రీ స్నేహితుడు బీచ్ రోడ్డులో తెల్లవారుజామున సైకిల్ తొక్కేవాడు. అతనికి వేరే రాష్ట్రానికి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ తన సైకిల్ నాకు తక్కువ ధరకి ఇచ్చేశాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, ముందు రెండు పళ్ల చక్రాలు, వెనక ఎనిమిది. రోడ్డు సైకిల్ అంటారు దాన్ని. ఊరికి తెచ్చిన రోజు మా వీధి పిల్లలందరూ దాన్ని ఒక్క వేలితో ఎత్తి చూశారు.

మొదటిరోజు బడికి దాని మీద బయల్దేరాను. కిలోమీటరు బాగానే సాగింది. రెండో కిలోమీటరులో తొడలు మండాయి. గెడ్డ దగ్గర మలుపుకొచ్చేసరికి పెడల్ మీద నిలబడి తొక్కినా సైకిల్ కదల్లేదు. దిగిపోయాను. మొత్తం మీద రెండుసార్లు దిగి, మోకాళ్లు పట్టుకుని, 31 నిమిషాలకు బడి చేరాను. మొదటి పీరియడ్ కూర్చునే చెప్పాను. వారం తిరిగేసరికి కుడి మోకాలు నొప్పి మొదలైంది. వయసు అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అంది.

అప్పుడు మా తాత గుర్తుకొచ్చాడు. మేము కొండదొరలం. మా తాత సంత నుంచి ఉప్పు, కిరసనాయిలు కావడి మీద మోసుకొచ్చేవాడు. అరవై దాటినా కావడి దించకుండా ఇదే ఎక్కుడు ఎక్కేవాడు. నేను వెనకాల పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తి అలిసిపోయేవాణ్ణి. "ఎక్కుడులో అడుగు కురచ చెయ్యిరా. చదునులో ఏసినంత అడుగు ఇక్కడ ఏస్తే కొండే నిన్ను దించేస్తాది" అనేవాడు. తాత కాళ్లలో నాకంటే బలం ఉందనుకునేవాణ్ణి. బలం ఉంది, నిజమే. దానితోపాటు అడుగు కొలత కూడా ఉంది.

మరి సైకిల్‌కి అడుగు కురచ చేయడం ఎలా? లెక్కల మాస్టారుని కదా, పళ్లు లెక్కపెట్టాను.

ముందున్న రెండు చక్రాల్లో పెద్దదానికి 50 పళ్లు, చిన్నదానికి 34. వెనక గుత్తిలో అన్నింటికన్నా చిన్నదానికి 11, పెద్దదానికి 28. ఈ వెనక గుత్తినే క్యాసెట్ అంటారు. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. దాన్ని చక్రం చుట్టుకొలతతో గుణిస్తే ఒక్క తొక్కుడుకు ఎంత దూరం పోతామో తెలుస్తుంది. సైకిల్ అడుగు అంటే అదే.

మర్నాడు సైకిల్ తొమ్మిదో తరగతి వరండాలోకి తెచ్చాను. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి ఒక్క చుట్టు దొర్లించి, పిల్లల చేత టేపుతో కొలిపించాను. 2 మీటర్ల 10 సెంటీమీటర్లు వచ్చింది. ముందు 50, వెనక 11 మీద ఉంటే ఒక్క తొక్కుడుకు తొమ్మిదిన్నర మీటర్లు. బీచ్ రోడ్డుకి అది సరిపోతుంది. ముందు 34, వెనక 28 మీద ఉంటే 2 మీటర్ల 55 సెంటీమీటర్లు. ఆ సైకిల్ వెయ్యగలిగిన అతి చిన్న అడుగు అది. మా ఎక్కుడుకి ఆ అడుగు పెద్దదైపోయింది. నా మోకాలు చెప్తున్నది ఇదే. నేనేమో వయసు మీద నెట్టేశాను.

ఎక్కుడు కూడా కొలిచాం. కిందా పైనా ఫోన్‌లో ఎత్తు చూస్తే తేడా దాదాపు 240 మీటర్లు. నాలుగు కిలోమీటర్లకు 240 మీటర్లంటే నూటికి 6 వంతుల వాలు. అది సగటు మాత్రమే. మొదటి కిలోమీటరు తేలిక. గెడ్డ మలుపులో కాసేపు నూటికి 12 ఉంటుంది. పిల్లలకి సగటు అంటే ఏమిటో ఆ రోజు బాగా అర్థమైంది. సగటు మనిషిని దించదు, మలుపు దించుతుంది.

పాఠం సగంలో ఉండగా ఒక అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెది మా ఊరికి ఆనుకున్న గుడ్డు. రోజూ ఆలస్యమే. నేను మాట్లాడకుండా హాజరు పట్టీలో ఆలస్యం అని రాసి, లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. అప్పటికి నాకు నా పళ్ల లెక్కే ముఖ్యం.

గేర్ల సంగతి తెలుసుకుంటుంటే ఒక పాత తగాదా నా కంటపడింది. ఫ్రాన్స్ దేశంలో సెంటెతియెన్ అనే ఊళ్లో పాల్ ద వివీ అనే ఆయన ఉండేవాడు. వెలోసియో అనే పేరుతో సైకిళ్ల గురించి రాసేవాడు. కొండదారులకు గేర్లు మార్చుకునే సైకిల్ కావాలని జీవితమంతా వాదించాడు. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్ కొండదారిలో ఒక పరీక్ష పెట్టింది. మూడు గేర్ల సైకిల్ తొక్కిన మార్త్ హెస్ అనే మహిళ, గేరు మార్చుకోలేని సైకిల్ తొక్కిన ఎదువార్ ఫిషర్ అనే పేరున్న పందెగాణ్ణి ఓడించింది. అయినా మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకే, కండబలంతో గెలవాలి అన్నది ఆయన వాదన. ఆ పందెంలో చెయిన్‌ను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదకి జరిపే డెరైలర్‌ని 1937 దాకా రానివ్వలేదు. అప్పటిదాకా పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపు పెద్ద పళ్లకి తిప్పి పెట్టుకుని ఎక్కేవాళ్లు.

అంటే పనిముట్టు సరిపోక దిగినవాణ్ణి బలహీనుడు అనడం ఇప్పటిది కాదు, మన దగ్గర మాత్రమే ఉన్నదీ కాదు. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. వెనక పళ్లు మార్చాలని నిర్ణయించుకున్నాను.

ఈ పని చేయాలనుకునే తమ్ముళ్లు ఉంటారు. అనంతగిరి ఘాటీలోనో, మాడుగుల వైపు నుంచి పాడేరు ఎక్కే ఘాటీలోనో, లంబసింగి దారిలోనో పట్నం కుర్రాళ్లు ఖరీదైన సైకిళ్ల మీద వెళ్తుంటే నిలబడి చూసే మన పిల్లలు ఉన్నారు. వాళ్ల కోసం నేను చేసింది చేసినట్టు రాస్తున్నాను, తప్పులతో సహా.

మొదట 11 నుంచి 32 పళ్ల దాకా ఉన్న గుత్తి తెప్పించాను. ఎనిమిది చక్రాలది తీసి ఎనిమిది చక్రాలదే వేయాలి, లేకపోతే హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే చెయిన్ సరైన చోట ఆగదు. పాత గుత్తి ఊడదీయడానికి రెండు పనిముట్లు కావాలి. ఒకటి గుత్తి తిరక్కుండా పట్టుకునే చెయిన్ ముక్క ఉన్న పిడి, రెండోది మూతలాంటి రింగు విప్పే గాళ్ల బిళ్ల. అవి నా దగ్గర లేవు. పాడేరులో నాకు తెలిసిన సైకిల్ షాపు ముసలాయన పాత చెయిన్ ముక్కని ఇనుప బద్దకి బిగించి మొదటిది తనే తయారుచేశాడు. "ఇది మన సైకిల్ కాదు బాబూ, అయినా పళ్లు పళ్లే కదా" అన్నాడు. రెండోది మాత్రం విశాఖ నుంచి తెప్పించాం.

ముప్పై రెండు పళ్లు ఎక్కించాక చిక్కు వచ్చింది. చెయిన్‌ను జరిపే డెరైలర్‌కి రెండు చిన్న చక్రాలుంటాయి. పైది వెళ్లి ఆ పెద్ద పళ్లకి తగులుతూ కరకరమంది. దాన్ని కిందికి నెట్టడానికి వెనకవైపు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని బిగిస్తూ పోతే చప్పుడు తగ్గింది. ఇంకో లెక్క కూడా ఉంది. ముందు చక్రాల తేడా, వెనక చక్రాల తేడా కలిపితే ఎంత చెయిన్ వదులవుతుందో తెలుస్తుంది. పాతదానికి 16, 17 కలిపి 33. కొత్తదానికి 16, 21 కలిపి 37. నా డెరైలర్ చెయ్యి పొట్టిది, అంత వదులుని లాగి పట్టలేదు. అందుకే చిన్న చక్రం నుంచి చిన్న చక్రానికి వేస్తే చెయిన్ ఉయ్యాలలా వేలాడింది. ఆ రెండూ కలపకుండా జాగ్రత్తపడుతూ రెండు వారాలు తొక్కాను.

ఒక్క తొక్కుడుకు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు. 29 నిమిషాలు పట్టింది. గెడ్డ మలుపులో ఒక్కసారే దిగాను.

ఆశ పుట్టింది. ఈసారి 11 నుంచి 34 దాకా ఉన్న గుత్తి, దానికి తగ్గట్టు కొండదారి సైకిళ్లకు వాడే పొడుగు చెయ్యి డెరైలర్ తెప్పించాను. షిమానో వాళ్ల ఎనిమిది గేర్ల సరుకులో రోడ్డు సైకిల్ మీటకి కొండ సైకిల్ డెరైలర్ సరిపోతుంది, తీగ లాగే కొలత ఒకటే కాబట్టి. తర్వాత వచ్చిన పది గేర్ల సరుకులో ఆ కొలత మారిపోయింది. అందుకని చూడకుండా కొనకూడదు. 16, 23 కలిపి 39. కొత్త డెరైలర్ 43 దాకా లాగగలదు. అంతా సరిపోయిందనుకున్నాను.

చెయిన్ మాత్రం మార్చలేదు. బద్ధకం. పాతదే వేసేశాను.

ఆ సోమవారం ఊరి చివర చదునులో ముందు 50 పళ్ల మీద హుషారుగా వెళ్తున్నాను. ఎక్కుడు మొదలైంది. వెనక మీట నొక్కుతూ పోయాను. ముందు చక్రం చిన్నదానికి మార్చడం మరిచిపోయాను. ముందు 50, వెనక 34, రెండూ పెద్దవే. చెయిన్ విల్లు నారిలా బిగుసుకుంది. పెడల్ ఆగిపోయింది. టక్‌మని చప్పుడైంది. దిగి చూస్తే డెరైలర్‌ని పట్టుకుని ఉండే మెత్తటి అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారు దాన్ని, లోపలికి వంగిపోయింది. ఇంకాస్త బలంగా తొక్కి ఉంటే డెరైలర్ పోయి చక్రం పుల్లల్లో పడేది. నేనూ పడేవాణ్ణి.

ఇంకా మూడు కిలోమీటర్లుంది. సైకిల్ నెట్టుకుంటూ నడక మొదలుపెట్టాను. కాస్త ముందు ఇంకో సైకిల్ ఎవరో నెట్టుకుంటూ పోతున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి. రోజూ ఆలస్యంగా వచ్చే అమ్మాయే.

వెనక్కి తిరిగి చూసి ఆగింది. "మాస్టారూ, మీ సైకిల్ కూడా ఎక్కదేటి?" అంది.

నవ్వాను. ఇద్దరం పక్కపక్కనే నెట్టుకుంటూ నడిచాం. నడుస్తుంటే తెలిసింది, ఆమె పొద్దున్నే గెడ్డ నుంచి నీళ్లు తెస్తుంది, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపుతుంది, అప్పుడు బయల్దేరుతుంది. మొదటి కిలోమీటరు తొక్కుతుంది. తర్వాత మూడు కిలోమీటర్లు నెట్టుకుంటూనే వస్తుంది. "నెట్టడానికైతే సైకిల్ ఎందుకమ్మా, నడిచే రావచ్చు కదా?" అన్నాను. "సాయంత్రం దిగడానికి మాస్టారూ. చీకటి పడకముందు ఇంటికెళ్లాలి కదా" అంది. తర్వాత నెమ్మదిగా అంది: "పండగ తర్వాత మానేస్తానేమో. రోజూ బయట నిలబెడుతున్నారు. అమ్మ కూడా ఎందుకులే అంటంది."

పదిహేనేళ్లు ఆ దారిలో మోటారు సైకిల్ మీద వెళ్లాను. ఈ అమ్మాయిని ఎన్నిసార్లు దాటి ఉంటానో. ఒక్కసారి కూడా చూడలేదు. చూసినా, సైకిల్ నెట్టుకుంటూ పోతున్న పిల్ల మన దగ్గర వింత కాదు కదా.

ఆ రోజు బడికి ఇద్దరం ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి 2022లో వచ్చింది. నా ముఖం 9 గంటల 20 నిమిషాలకు పడింది. స్టాఫ్ రూములో నవ్వుకున్నారు, టీ ఇచ్చారు. ఆమెను మాత్రం గుమ్మం బయట నిలబెట్టారు. ఒకే దారి, ఒకే ఆలస్యం. నేను వెళ్లి లోపలికి తీసుకొచ్చాను. ఆ పని నేను ఏడాది కిందటే చేసి ఉండాల్సింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆమె నా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, మీరు ఆ రోజు పళ్ల లెక్క చెప్పినారంట. నేను వచ్చేసరికి సగం అయిపోయింది. నా సైకిల్‌కి ఎన్ని పళ్లు?"

నాకు మాట రాలేదు. రెండు నెలలుగా నా సైకిల్ పళ్లు లెక్కపెడుతున్నాను. రోజూ బడి గోడకి ఆనించి ఉండే ఆ సైకిల్ పళ్లు ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.

ఇద్దరం వెళ్లి లెక్కపెట్టాం. తనే లెక్కపెట్టింది. ముందు 44, వెనక 18. గేర్లు లేవు. టైరు మీద గీత పెట్టి, పెడల్ ఒక్క చుట్టు తిప్పి కొలిస్తే 5 మీటర్లకు కాస్త పైన వచ్చింది. నేను మోకాలు నొప్పెట్టి మార్చుకున్న పాత అడుగుకి అది దాదాపు రెట్టింపు. పైగా ఆ సైకిల్ నాదానికంటే చాలా బరువు. నలభై కిలోలు లేని పిల్ల, మా తాత కావడితో వేసిన అడుగుకంటే చాలా పెద్ద అడుగు వేసి ఎక్కాలి ఆ సైకిల్ మీద. ఎవరు ఎక్కగలరు?

ఆ శనివారం వాళ్లమ్మని అడిగి రెండు సైకిళ్లూ ఆటో మీద పాడేరు తీసుకెళ్లాను. "పాడైపోతే మళ్లీ ఎవరిస్తారు మాస్టారు బాబూ" అని ఆమె భయపడింది. పాడైతే నాదే పూచీ అన్నాను. షాపు ముసలాయన ముందు నా హ్యాంగర్ నెమ్మదిగా సరిచేశాడు. నిలువుగా వచ్చిందో లేదో పక్క చక్రంతో సరిచూశాడు. చెయిన్ కొత్తది వేశాం. ఈసారి కొలిచి వేశాం. డెరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం మీంచి వెనక పెద్ద చక్రం మీదకి చెయిన్ చుట్టి, కలిసిన చోటుకి రెండు లింకులు ఎక్కువ ఉంచాలి. అలా ఉంచితే నాలా మరిచిపోయి రెండు పెద్ద చక్రాల మీద వేసినా ఏదీ విరగదు.

తర్వాత అమ్మాయి సైకిల్. గేర్లు పెట్టించాలంటే ఇరుసు, చక్రం అన్నీ మార్చాలి, ఆ ఖర్చు ఎవరూ పెట్టలేరు. ముసలాయన ఒక డబ్బా వెతికి 22 పళ్ల ఫ్రీవీల్ తీశాడు. బస్తాలు మోసే సైకిళ్లకి వేసేవాళ్లంట. పాత 18 పళ్లది పంచ్ పెట్టి సుత్తితో కొట్టి విప్పాడు. కొత్తది ఎక్కించి, చెయిన్‌కి రెండు లింకులు కలిపి, వెనక చక్రం సరిచేసి బిగించాడు. నాటుకోడి ధర కూడా కాలేదు.

ఇంటికొచ్చాక లెక్క వేసి చూసుకున్నాను. నా సైకిల్‌కి వెనక 28 పళ్ల నుంచి 34కి మారిస్తే, ఒకే ఎక్కుడులో కాలు నెట్టాల్సిన బలం నూటికి దాదాపు 18 వంతులు తగ్గింది. ఆమెకి 18 నుంచి 22కి మారిస్తే తగ్గిందీ అంతే, నూటికి 18 వంతులు. నేను నెలల తరబడి డబ్బు పోసి, కొరియర్లు తెప్పించి, హ్యాంగర్ వంచుకుని సాధించినది, ఆమెకి ఒక ఇనుప చక్రంతో ఒక పూటలో వచ్చింది.

ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. నాకు 34 పళ్లతో ఒక్క తొక్కుడుకు 2 మీటర్ల 10 సెంటీమీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు. బడి చేరడానికి 29 నిమిషాలే పట్టింది, 32 పళ్లతో పట్టినంతే. వేగం పెరగలేదు. కానీ ఎక్కడా దిగలేదు. పైకి చేరాక మణికట్టు పట్టుకుని చూస్తే, మొదట్లో నిమిషానికి 168 కొట్టుకునే నాడి 152కి తగ్గింది. మొదటి పీరియడ్ నిలబడి చెప్పాను. నెల తర్వాత మోకాలు నొప్పి పోయింది.

నష్టాలూ ఉన్నాయి. ఈ గుత్తిలో 26 పళ్ల తర్వాత ఒక్కసారిగా 34. మధ్యలో ఏమీ లేదు. మార్చిన క్షణంలో కాళ్లు గాల్లో తిరిగినట్టుంటుంది. చదును రోడ్డు మీద గుంపులో తొక్కేవాళ్లకి ఇది నచ్చదు. వాళ్ల రోడ్డుకి దగ్గర దగ్గర పళ్లే మంచివి.

ఇంకో సంగతి పిల్లల చేత లెక్క కట్టించాను. బలం తగ్గింది సరే, అది ఎక్కడికి పోయింది? పాత పళ్లతో నాలుగు కిలోమీటర్లకు సుమారు 1,570 తొక్కుళ్లు. కొత్త పళ్లతో 1,905. అంటే దాదాపు 335 తొక్కుళ్లు ఎక్కువ. కొండ ఎత్తు ఎవరికీ తగ్గదు. పని మొత్తం అంతే. చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఎక్కువసార్లు చేస్తాం. మా తాత కురచ అడుగు అదే. ఆయన నాకంటే ఎక్కువ అడుగులు వేసేవాడు, ముందు చేరేవాడు.

అమ్మాయి సంగతి. ముందు మూడు కిలోమీటర్లు నెట్టేది, ఇప్పుడు ఒకటిన్నర నెడుతోంది. గెడ్డ మలుపులో ఇప్పటికీ దిగాల్సిందే. మొత్తం మీద పన్నెండు నిమిషాలు మిగులుతోంది. పన్నెండు నిమిషాలు ఎక్కువేం కాదు. కానీ ఆమె రోజూ ఆలస్యమయ్యేది పది నిమిషాలే. దిగుడులో మాత్రం కాళ్లు ఊరికే తిరుగుతున్నాయని అంది. దిగుడులో తొక్కక్కర్లేదు, బ్రేకు రబ్బర్లు మాత్రం నెలనెలా చూసుకోమన్నాను. పండగ వెళ్లింది. బడికి వస్తూనే ఉంది.

తర్వాత మా బడిలో సైకిల్ ఉన్న పిల్లలందరూ పళ్లు లెక్కపెట్టుకున్నారు. ఎవరి దారి వాళ్లు కొలుచుకున్నారు. ముగ్గురికి 22 పళ్లు వేయించాం. ఒకడికి అక్కర్లేదని తేలింది, వాడి ఊరు బడికంటే ఎత్తులోనే ఉంది. అందరికీ ఒకే పళ్లు వేస్తే మళ్లీ మొదటి తప్పే చేసినట్టు.

తోటి మాస్టార్లతో ఒక మాట. ఆలస్యంగా వచ్చిన పిల్లని బయట నిలబెట్టడం నేనూ చేశాను. అర్థం కాని పిల్లాణ్ణి మొద్దు అనడమూ చేశాను. ఇప్పుడు నోటిదాకా ఆ మాట వస్తే ఆగుతున్నాను. వీడు ఏ దారిలో వస్తున్నాడు, ఒక్కో అడుగు ఎంత వేయమంటున్నాం అని చూసుకుంటున్నాను. భిన్నాలు ఒక్క పీరియడ్‌లో రాకపోతే నాలుగు పీరియడ్లుగా విడగొడుతున్నాను. ఇది ఊరికే రాదు. అడుగు చిన్నది చేస్తే అడుగులు పెరుగుతాయి. ఆ 335 తొక్కుళ్లు ఎవరో ఒకరు తొక్కాలి. బడిలో అయితే అవి మాస్టారివి.

మొన్న పొద్దున్న గెడ్డ మలుపు దగ్గర ఆమెను దాటాను. దిగి నెట్టుకుంటోంది. నేను నెమ్మదిగా తొక్కుతూ పక్కనే వెళ్తున్నాను. ఈ గేరులో మాట్లాడుకోవడానికి ఊపిరి మిగులుతుంది.

"మాస్టారూ, 22 కంటే పెద్దది ఉండదేటి?" అని అడిగింది.

"వెనక వెతకాలి. ముందు 44 తీసి చిన్నది వేసినా అంతే కదా. ఎంత వేస్తే ఈ మలుపు ఎక్కుతావో నువ్వే లెక్క కట్టు" అన్నాను.

సాయంత్రం కాగితం తెచ్చి ఇచ్చింది. ముందు 36, వెనక 22 అని రాసింది. లెక్క సరిగ్గానే ఉంది. వచ్చే శనివారం పాడేరు వెళ్లాలి.